సర్వీసింగ్ అక్కర్లేని పరికరం

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరికరాలేవీ పనిచేయవని పనిగట్టుకుని ప్రచారం చేసేవాళ్లున్నారు. అది శుద్ధ అబద్ధం. క్యాజువాలిటీలో రేయింబవళ్లు నడిచే, కరెంటు పోయినా ఆగని పరికరం ఒకటుంది. దాని పేరు స్టాఫ్ నర్సు. వెంటిలేటర్ కొంటే ఏడాది కాంట్రాక్టు రాసుకుంటారు, అందులో సర్వీసింగ్, విడిభాగాలు అన్నీ కలిసి ఉంటాయి. నర్సును తీసుకున్నా ఏడాది కాంట్రాక్టే రాసుకుంటారు. అందులో ఇంకేమీ కలిసి ఉండదు.

కొత్తగా చేరిన అమ్మాయి అయితే మరీ మేలు. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి వచ్చిన ఆ పిల్లకు మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైపోతుంది. ఆసుపత్రిలో ఏది లేకపోయినా అది తన దగ్గరే లేనట్టు లెక్క. స్ట్రెచర్ కనబడకపోతే "సిస్టర్, స్ట్రెచర్ ఏదీ?" డ్యూటీ డాక్టర్‌ను పైవార్డు వాళ్లు పిలిస్తే "సిస్టర్, డాక్టర్ ఎక్కడ చచ్చాడు?" బాత్రూంలో కుళాయి రాకపోతే "ఏమ్మా, నీళ్లు రావట్లేదు, చూసుకోరా?" సీటీ స్కాన్ మూలపడితే అదీ ఆమె నిర్వాకమే. మరి ఎవరిని అడగాలి? సూపరింటెండెంట్ గారు మీటింగులో ఉంటారు. మందుల ఇండెంట్ మీద, అంటే స్టోర్ నుంచి కావాల్సినవి అడిగే కాగితం మీద, సంతకం పెట్టాల్సినవారు ఇంకో ఊళ్లో ఉంటారు. ఖాళీలు భర్తీ చేయాల్సినవారు రాజధానిలో ఉంటారు. రాత్రి రెండు గంటలకు కళ్లెదుట ఉన్నది ఆమె ఒక్కతే. ఇంతమందికి విడివిడిగా చేరాల్సిన తిట్లన్నీ ఒకే అడ్రస్‌కు చేర్చే ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, ప్రభుత్వానికి పోస్టల్ ఖర్చులు బాగా మిగిలాయి.

కాలేజీలో ఆమెకు ట్రయాజ్ నేర్పారు, అంటే ఎవరిని ముందు చూడాలో రంగులతో తేల్చే పద్ధతి. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఎరుపు, కాసేపు ఆగగలిగినవాళ్లకు పసుపు, నడిచి వచ్చినవాళ్లకు ఆకుపచ్చ, ఇక చేయగలిగిందేమీ లేనివాళ్లకు నలుపు. సిలబస్ రాసిన పెద్దలు తెలుపు మర్చిపోయారు. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి వెంట వచ్చిన పేషెంటుకు వేలు తెగినా సరే, ముందు కట్టు కట్టాల్సింది ఆ వేలికే. చొక్కా స్వయంగా రాలేకపోతే ఫోన్ వస్తుంది. ఆమె ఒక చేత్తో తలకు దెబ్బ తగిలిన మనిషి దవడ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నోట్లో రక్తం లాగేసే సక్షన్ గొట్టం పెడుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన ఫోన్ తెచ్చి ఆమె చెవికి ఆనిస్తాడు. "సర్పంచ్ గారు మాట్లాడతారంట." సర్పంచ్ గారు మాట్లాడేది ఎప్పుడూ ఒకటే మాట, "కొంచెం బాగా చూడమ్మా." ఈ సలహా అందేవరకూ ఆమె బాగా చూడకూడదనే నిశ్చయంతో ఉందని ఆయనకు ఎవరు చెప్పారో మరి.

పాము కేసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే కొత్త నర్సు సహనానికి అదే ఫైనల్ పరీక్ష. వానాకాలం, పొలంలో కరిచింది. కరిచినవాడిని ఆటోలో ఎక్కించారు, చంపిన పామును యూరియా సంచిలో కట్టి తెచ్చారు. సంచి తిన్నగా ఆమె టేబుల్ మీద, కేస్ షీట్ల పక్కన, టిఫిన్ బాక్సుకు జానెడు దూరంలో పెట్టి "చూడండి సిస్టర్, ఏం పామో" అన్నారు. నిజానికి దాన్ని మోసుకురావాల్సిన పనే లేదు. మన దేశంలో వాడే విరుగుడు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, నాలుగింటికీ అదే మందు. విషం రక్తాన్ని ఏం చేసిందో తేల్చడానికి పరీక్ష కూడా అతి సులువు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, తడి లేని శుభ్రమైన గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే పింజర పని చేసినట్టు. ట్యూబు ప్లాస్టిక్‌ది అయితే లెక్కలోకి రాదు.

చిక్కంతా ఆ 20 నిమిషాల దగ్గరే. ఈలోగా ఆమె సెలైన్ పెడుతుంది, బీపీ చూస్తుంది, కనురెప్పలు వాలుతున్నాయేమో గమనిస్తుంది. అవేవీ బంధువుల కంటికి ఆనవు. వాళ్లకు కనిపించేది, మనిషి ప్రాణం పోతుంటే గాజు గొట్టం ముందు పెట్టుకుని గడియారం చూస్తున్న నర్సు. ఒకతను వీడియో మొదలుపెట్టాడు. "చూడండి ఫ్రెండ్స్, ఎంత నిర్లక్ష్యమో." పద్దెనిమిదో నిమిషంలో చిన్నబావమరిది వచ్చి, ఇందులో ఏముందో అని ట్యూబు ఎత్తి, లైటుకు ఎదురుగా పట్టుకుని, శుభ్రంగా ఊపి చూశాడు. మళ్లీ రక్తం తీయాలి. మళ్లీ 20 నిమిషాలు. వీడియో రెండో భాగం కూడా వచ్చింది. మొదటిదానికంటే దీనికే లైకులు ఎక్కువ.

ఇంత జరిగినా ఆమెకు గౌరవం దక్కే క్షణం లేకపోలేదు. గ్లూకోజ్ సీసా తగిలించినప్పుడు అందరి ముఖాలూ వికసిస్తాయి. అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది పాతిక గ్రాముల గ్లూకోజ్, అంటే ఐదారు చెంచాల పంచదారకు సమానం. నోటితో తాగగలిగే మనిషికి రెండు గ్లాసుల మజ్జిగ, ఒక అరటిపండు అంతకంటే మేలని చెప్పి చూడండి, ఆసుపత్రే మంచిది కాదని లేచిపోతారు. అందులో విటమిన్ ఇంజెక్షన్ కలిపి పసుపు రంగు తెప్పిస్తే ఇక తిరుగులేదు, అది బలం సీసా. మా బంధువుల్లో ఒకావిడైతే ఏటా పండగకు ముందు ఒక పసుపు సీసా ఎక్కించుకోకపోతే పిండివంటలు మొదలుపెట్టదు.

యాక్సిడెంట్ కేసొస్తే ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసు. రిజిస్టర్‌లో రాయాలి, ఔట్‌పోస్టులో చెప్పాలి, పుట్టుమచ్చలు వెతికి రాయాలి. ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. తీర్పు అమలులో లోపం లేదు. ముందు వైద్యం ఆమే చేస్తుంది, తర్వాత కాగితాలు తెచ్చివ్వమని కానిస్టేబుల్ అడిగేదీ ఆమెనే.

ఆమె రక్షణ గురించి ప్రభుత్వం ఆలోచించలేదని అనడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో 11వ నంబరు చట్టం తెచ్చారు. వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా. ఆ విషయం పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి క్యాజువాలిటీ గోడకు బిగించారు. చాలా గట్టిగా బిగించారు. పేషెంటు చనిపోయిన రాత్రి నలభై మంది లోపలికి వచ్చి కుర్చీలు, అద్దాలు, ఈసీజీ మిషన్ పగలగొట్టినా బోర్డు చెక్కుచెదరలేదు. సెక్యూరిటీ గార్డు కూడా చెక్కుచెదరలేదు, ఆ సమయానికి ఆయన టీకి వెళ్లాడు.

ఇక జీతం. చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఇస్తున్నది చూసి సుప్రీంకోర్టు చెప్పగా, కేంద్రం వేసిన కమిటీ 2016లో లెక్కలు కట్టింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదంది. రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. అన్ని రాష్ట్రాలకూ పంపారు. సిఫారసు పరిస్థితి నిలకడగా ఉంది, అబ్జర్వేషన్‌లో ఉంచారు.

డబ్బు లేకపోతేనేం, మే 12న నర్సుల దినోత్సవం ఉంది కదా. రాత్రుళ్లు దీపం పట్టుకుని సైనికులకు సేవ చేసిన నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో ఆ రోజున పుట్టింది గనుక మనం కొవ్వొత్తులు వెలిగిస్తాం, కేకు కోస్తాం, "మీరు మనుషులు కాదమ్మా, దేవతలు" అంటాం. దేవతలకు ఓవర్‌టైం అడిగే అలవాటు ఉండదు గనుక ఆ మాట బడ్జెట్‌కు కూడా అనుకూలం. రాత్రి ఎనిమిదికి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగిన అమ్మాయిని, కుర్చీలు నిండాలని పదిన్నర సభకు ఉంచేస్తాం. ముఖ్య అతిథి పన్నెండుకు వస్తారు.

ఆ సభల్లో ఎవరూ ఎత్తని ముచ్చట ఒకటుంది. నైటింగేల్‌కు దీపం ఎంతో లెక్కలు కూడా అంతే. క్రిమియా యుద్ధంలో గాయాలతో పోయినవాళ్లకంటే ఆపగలిగిన రోగాలతో పోయిన సైనికులే ఎక్కువని బొమ్మలు గీసి మరీ దొరలకు చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆవిడే. అలాంటి మనిషి ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలోకి వస్తే ముందు రిజిస్టర్ తెరుస్తుంది. రాత్రి వచ్చిన పేషెంట్లు ఎందరు, డ్యూటీలో ఉన్న నర్సులు ఎందరు అని పక్కపక్కనే రెండు గళ్లు గీస్తుంది. సాయంత్రానికల్లా ఆవిడ చేతికి కవరు అందుతుంది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా మారుమూల పీహెచ్‌సీకి డిప్యుటేషన్, వెంటనే రిలీవ్ కావలెను. దీపం మాత్రం వెంట తీసుకుపోవడానికి లేదు. అది ఇండెంట్ మీద ఇచ్చింది, స్టోర్‌లో అప్పజెప్పి సంతకం చేసి వెళ్లాలి.