తొలి ముద్రణా, పునర్ముద్రణా? రాక్ రికార్డుల ధ్వనిపై వాదోపవాదం

(వాదాంశం: 1960, 70 దశకాల రాక్ ఆల్బములను వాటి తొలి ఎల్పీలలో వినడం మేలా, ఆ తరువాతి పునర్విడుదలలలో వినడం మేలా? వాదించేవారు ఒక రికార్డుల సేకర్త, ఒక సౌండ్ ఇంజినీరు.)

సేకర్త: లెడ్ జెప్పెలిన్ బృందం రెండవ ఆల్బముతో మొదలుపెడతాను, నా వాదానికి అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. 1969లో అట్లాంటిక్ సంస్థ అమెరికాలో విడుదల చేసిన ఆ ఎల్పీ కోసం లాక్కర్ (ముద్రణకు మూలంగా గాడి చెక్కే తొలి పళ్లెం) చెక్కినవాడు బాబ్ లడ్విగ్ అనే యువ ఇంజినీరు. పాటలు ముగిశాక లేబులు చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో ‘ఆర్‌ఎల్’ అనే పొడి అక్షరాలు గీసి ఉన్న ప్రతులు ఆయనవే. జాన్ బోనమ్ డ్రమ్ములనూ బేస్ గిటారునూ ఏమాత్రం వెనుకాడకుండా ఆయన గాడిలోకి దించాడు. అయితే సంస్థ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ కుమార్తె దగ్గరున్న చౌకరకం ప్లేయరు మీద ముల్లు గాడి తప్పిందనీ, దాంతో స్థాయినీ బేస్‌నూ తగ్గించి మళ్లీ చెక్కించారనీ లడ్విగే చెప్పాడు. ఇప్పటికీ సేకర్తలు ‘ఆర్‌ఎల్’ ప్రతి కోసం వెతుకుతున్నారంటే, అందులోని డ్రమ్ము దెబ్బ గుండెకు తగులుతుంది కనుకనే.

ఇంజినీరు: ఆ ప్రతి గొప్పదనాన్ని నేను కాదనను. కానీ ఆల్బము ఒకటే, సంస్థ ఒకటే, అయినా రెండు ప్రతుల ధ్వని రెండు తీర్లుగా ఉందని మీరే చెప్పారు. అంటే ధ్వనిని నిర్ణయించింది ప్రతి వయసు కాదు, దాన్ని చెక్కిన చేయి. 1964లో అమెరికాలో క్యాపిటల్ సంస్థ విడుదల చేసిన కొన్ని బీటిల్స్ పాటలకు ఆ సంస్థ నిర్మాత డేవ్ డెక్స్టర్ లండన్ టేపులో లేని ప్రతిధ్వనిని కలిపించాడు. అవి కూడా ఆ దేశానికి తొలి ముద్రణలే. మన కోల్‌కతా దగ్గరి దమ్‌దమ్ కర్మాగారంలో గ్రామఫోన్ కంపెనీ అచ్చువేసిన బీటిల్స్ రికార్డులు కాలానికి తొలినాటివే అయినా, అసలు మాస్టర్ టేపు (పాట తుది రూపం ఉన్న మూల టేపు) లండన్‌లోనే ఉండిపోయింది. ‘పాతది’ అన్న ఒక్క మాటతో వీటన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

సేకర్త: నేను కట్టడం లేదు. ఆల్బము రూపొందిన దేశంలో, రూపొందిన రోజుల్లో, కొత్త టేపు నుంచి చెక్కిన ప్రతి గురించే నేను మాట్లాడుతున్నాను. టేపు నిలవ ఉన్న కొద్దీ, తిప్పిన కొద్దీ పై స్థాయి ధ్వనులు మసకబారవచ్చు. 1970ల మధ్య నుంచి తయారైన కొన్ని రకాల టేపులలో అయస్కాంతపు పూతను పట్టి ఉంచే బంక తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. అలాంటి టేపును సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడితే తప్ప తిప్పడం సాధ్యం కాదు. అలా బతికించిన టేపు తొలినాటి టేపుతో సమానమని మీరు అనగలరా? దీనికి తోడు, పునర్విడుదల పేరుతో ధ్వనిని ఎంత బిగించారో గుర్తు చేసుకోండి. ఇగ్గీ అండ్ ది స్టూజెస్ 1973లో తెచ్చిన ‘రా పవర్’ను ఇగ్గీ పాప్ స్వయంగా 1997లో తిరిగి మిక్స్ చేసినప్పుడు (గొంతు, వాద్యాల పాళ్లను మళ్లీ కలిపినప్పుడు), మెల్లని చోటికీ బిగ్గర చోటికీ తేడా దాదాపు చెరిగిపోయింది. వింటే చెవి అలసిపోతుంది.

ఇంజినీరు: బిగించడం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. సీడీలో ధ్వనికి దాటరాని పైకప్పు ఉంటుంది. పక్క పాటకన్నా బిగ్గరగా వినిపించాలన్న పోటీలో ఆ కప్పుకు అంతటినీ నొక్కి పెట్టిన సంవత్సరాలు మా వృత్తికి గౌరవం తెచ్చినవి కావు. అయితే ఎల్పీకీ పుట్టుకతో వచ్చిన పరిమితి ఉంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు అర మీటరు గాడి సాగితే, లేబులు దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం సగానికన్నా తగ్గిపోతుంది. అందుకే ఎల్పీ ఒక్కో వైపు చివర వచ్చే పాటలో ‘స’కారాలూ తాళాల మోతలూ చిట్లినట్టు వినిపిస్తాయి. ఎంత మంచి తొలి ముద్రణకైనా ఇది తప్పదు. ఇక అసలు టేపే బాగా లేనప్పుడు మీ తొలి ముద్రణ ఏం చేస్తుంది? జెత్రో టల్ 1971 ఆల్బము ‘ఆక్వాలంగ్’ను అప్పటికి కొత్తదైన స్టూడియోలో సాంకేతిక ఇబ్బందుల మధ్య రికార్డు చేశారు. దాని ధ్వని మూసుకుపోయినట్టుందని అభిమానులే అంటూ వచ్చారు. 2011లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు మల్టీట్రాక్ టేపుల (గొంతునూ వాద్యాలనూ విడివిడిగా నమోదు చేసిన టేపుల) నుంచి తిరిగి మిక్స్ చేశాక, ఆ గిటార్ల మధ్య ఖాళీ ఎక్కడుందో తొలిసారి తెలిసింది.

సేకర్త: ఆ మిక్స్ బాగుందని నేనూ ఒప్పుకుంటాను, కానీ అది మరో కృతి. 1971లో శ్రోతను కదిలించింది అది కాదు. అంతకన్నా నన్ను బాధించేది నమ్మకం సంగతి. పాత ఆల్బములను పునర్విడుదల చేసే అమెరికా సంస్థ మొబైల్ ఫిడెలిటీ అసలు మాస్టర్ టేపు పేరు చెప్పి ఖరీదైన ఎల్పీలు అమ్మింది. వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ దశ (టేపు ధ్వనిని అంకెలుగా మార్చడం) ఉందనీ, అది 2011 నుంచే సాగుతోందనీ 2022 జులైలో గానీ బయటపడలేదు. ఫీనిక్స్ నగరంలోని ఒక రికార్డుల దుకాణదారు ఆ మాట బయటపెట్టాక సంస్థ ఒప్పుకుంది. కోర్టు వ్యాజ్యాలు కూడా నడిచాయి.

ఇంజినీరు: చెప్పకపోవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ అన్ని సంవత్సరాలూ ఆ రికార్డులను అనలాగ్ (అంకెలుగా మార్చని) ధ్వనికి ఆదర్శంగా మెచ్చుకున్నది మీలాంటి అనుభవజ్ఞులే. డిజిటల్ దశ ధ్వనిని చంపేస్తుందన్న మీ మాట నిజమైతే, ఒక్కరి చెవికైనా అది ముందే పట్టుబడాలి కదా.

సేకర్త: ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. అయినా నేను అడిగేది ఒకటుంది. ఏ టేపు నుంచి, ఎవరు, ఏయే దశల మీదుగా చెక్కారో అట్ట మీద అచ్చువేయమనండి. 2014లో బీటిల్స్ మోనో ఎల్పీలను అసలు టేపుల నుంచి డిజిటల్ ప్రమేయం లేకుండా లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో చెక్కామని ముందే ప్రకటించారు. ఆ పునర్ముద్రణను కొనడానికి నాకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఇంజినీరు: అట్ట మీద వేయాలన్నదాన్ని నేనూ సమర్థిస్తాను. కానీ 2012 నాటి బీటిల్స్ స్టీరియో ఎల్పీలను డిజిటల్ మాస్టర్ల నుంచి చెక్కారని తెలిసిన తరువాతనే కదా మీరు వాటిని పక్కన పెట్టారు? ముందు అట్ట చూడకుండా విని చెప్పండి, ఆ తరువాత చదువుదాం.