ఈ ఫాంటు లోకలేనా?

మా జిల్లాలో కొలువు అనగానే ముందు లోకలా, నాన్‌లోకలా అని అడుగుతారు. ఫాంట్లను (అదే, కంప్యూటర్లో అక్షరాల అచ్చుల్ని) మాత్రం ఎవరూ అడగరు. ఇది ఘోరమైన వివక్ష.

పాస్‌బుక్కులో నా పేరు తప్పు పడితే, సరిచేయమని ఇంట్లో లాప్‌టాప్ మీద అర్జీ కొట్టాను. సరిగ్గా ఒక్క పేజీ, కింద సంతకానికి రెండు వేళ్ల జాగా కూడా వదిలాను. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపుకి పోతే అదే అర్జీ రెండు పేజీలైంది. రెండో పేజీలో పైన "ఇట్లు, తమ విధేయుడు", మిగతాదంతా తెల్లకాగితం. ఎవరికి విధేయుణ్ణో, ఎందుకో, దేవుడికే తెలియాలి.

"అన్నా, మీ ఫాంటు మా సిస్టంల లేదే" అన్నాడు పిల్లగాడు, అద్దెకు రూము లేదన్నంత తేలిగ్గా.

సంగతేమిటంటే, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప వర్డ్ ఫైల్‌తో పాటు ఫాంటు పోదు, దాని పేరే పోతుంది. మనిషి ఇంట్లోనే ఉండి ఆధార్ జిరాక్స్ ఒక్కటే ఆఫీసుకి పోయినట్టు. ఆ పేరుగలవాడు అక్కడ లేకపోతే కంప్యూటర్ ఇంకెవణ్ణో లాక్కొచ్చి అదే కుర్చీలో కూర్చోబెడుతుంది. నేను కొట్టింది నిర్మలా యూఐ అనే ఫాంటులో, అది విండోస్ 8తో వచ్చింది. షాపులోది విండోస్ 7, అక్కడ దొరికింది గౌతమి అనే ఫాంటు. గౌతమికి లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి (పైన గుడి, కింద ఒత్తు, పాపం దాని బాధ దానిది). సైజు మాత్రం రెండు చోట్లా 12 పాయింట్లు అనే చూపిస్తుంది! పాయింటంటే అంగుళంలో 72వ వంతే, కాదనను, కానీ ఆ కొలత అక్షరానిది కాదు, అక్షరం కూర్చునే గడిది. అందులో ఒకడు కాళ్లు చాపుకుంటాడు, ఒకడు ముడుచుకుంటాడు.

పెళ్లిపత్రికలకు వాడే "అను" అనే ఫాంట్ల గోల వేరే. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగే ఉండదు, శుభలేఖకు పూనకం వచ్చినట్టు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఊగుతుంటాయి.

కాబట్టి సర్కారు వెంటనే ప్రతి ఫాంటునూ, లోకలేనని రుజువుకు, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్లు తెమ్మనాలి.

"పీడీఎఫ్ చేసుకరా అన్నా, ఫాంటు అందులనే ఉంటది, ఏం కదలదు" అన్నాడు జిరాక్స్ పిల్లగాడు. చేసుకొచ్చాను. నిజమే, ఒక్క ఒత్తు కూడా కదల్లేదు. ఒకటే పేజీ, సంతకానికి రెండు వేళ్ల జాగా, అందులో నా పేరు నేనే తప్పు కొట్టుకున్నాను, అది కూడా కదల్లేదు.