ఏడో తరానికి జవాబుదారీ

ఉత్తర అమెరికాలో మొదట ఐదు మూలవాసీ జాతులు కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య అయిన హోడెనోషోనీ ప్రజల వాంపం పట్టీలను (పూసలతో అల్లిన పట్టీలు) ఇటీవల నేను చదివిన ఒక వ్యాసంలో కేవలం అలంకారాలుగా పరిచయం చేసి వదిలేయడం నాకు బాధ కలిగించింది. ఆల్చిప్పల నుంచి చేసిన ఊదా, తెలుపు పూసలతో అల్లిన హయవాతా పట్టీలో నడుమనున్న వృక్షం ఒనొండాగా జాతికి, దానికి ఇరువైపులా కలిసి ఉన్న నాలుగు చతురస్రాలు తక్కిన నాలుగు జాతులకు గుర్తులు. అది వారి సమాఖ్య ఒప్పందం. ఏ నిర్ణయమైనా ఏడో తరాన్ని తలచుకునే తీసుకోవాలన్నది వారి సంప్రదాయం. ఆ సమాఖ్య పుట్టిన చోటుగా వారు పూజ్యంగా చూసుకునే, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఒనొండాగా సరస్సులోకి పరిశ్రమలు పాదరసం వదలగా, 1970లో అక్కడ చేపల వేటనే నిషేధించవలసి వచ్చింది. మురుగునీటితో నిండిన బెల్లందూరు చెరువు 2017లో మంటలంటుకోవడం చూసిన బెంగళూరువాసిగా నాకు ఆ కథ పరాయిది కాదు. ఆ వ్యాస రచయిత దయచేసి ఒనొండాగా సరస్సు గురించి కూడా వివరంగా రాయాలి.