కాసుకి కుంకుడుకాయ స్నానం

పాత బంగారు నాణెం ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ప్రపంచం ఒకటి నుంచి డెబ్బై దాకా మార్కులు వేస్తుంది. 1949లో షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం కట్టిన లెక్క తర్వాత బంగారానికీ పాకింది. డెబ్బై వస్తే టంకశాల నుంచి ఇప్పుడే జారిపడినట్టు. ఒకటి వస్తే, ఫలానా నాణెమని పోల్చుకోవడానికి మాత్రమే మిగిలినట్టు. గోదావరి డెల్టాలో ఇంత చదువు అక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా మనకి మూడే మెట్లు: పెళ్లిలో పెట్టేది, తాకట్టు పెట్టేది, తగువు పెట్టేది. ఏ కాసైనా ఈ మూడు రేవుల మధ్యే తిరగాలి. ఈ పద్ధతిని చిన్నచూపు చూసే నాణేల సేకర్తలకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కాబట్టి ఈ వ్యాసం.

ముందు సరుకు సంగతి. బీరువా అడుగున, పట్టుచీర మడతలో, పాత పౌడరు డబ్బాలో దొరికే కాసు ఎక్కువగా బ్రిటిష్ సవరనే. ఒకవైపు రాణో రాజో, రెండోవైపు గుర్రం మీంచి డ్రాగన్‌ని పొడుస్తున్న సెయింట్ జార్జి. బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.32 గ్రాములు, మిగతాది చాలా వరకు రాగి. ఆ రాగి వల్లే సవరను కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు చూసి "అబ్బే, రాగి బాగా కలిపేశారండి" అని లండన్ టంకశాల మీద నేరం మోపే నిపుణులు మనకి వీధికొకరు. పైగా కాసంటే ఎనిమిది గ్రాములని మన లెక్క. ఆ లోటు పన్నెండు మిల్లీగ్రాములు ఆడపడుచు తినేసిందని నమ్మే ఇళ్లు కూడా ఉన్నాయి.

ఇక స్నానం. శుక్రవారం పూజకో, సంక్రాంతికి వచ్చే కొత్త అల్లుడి కళ్లల్లో పడ్డానికో కాసుని సిద్ధం చెయ్యడానికి మన పద్ధతి ఇది. రాత్రి చింతపండు రసంలో నానబెట్టాలి. పొద్దున్నే కుంకుడుకాయ నురగలో వేసి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. పసుపు కుంకుమ అక్షరాల సందుల్లో ఇంకా ఉంటే పళ్లపొడి, అదీ లేకపోతే విభూతి. చివర చీరకొంగుతో గట్టిగా రుద్దాలి. నిజానికి కుంకుడు రసం పాపం ఏమీ చెయ్యదు. నాణేన్ని చంపేవి బ్రష్షూ పొడీ కొంగూ. టంకశాల అచ్చు దెబ్బకి లోహం మధ్య నుంచి అంచుకి పారి, కంటికి ఆనని సన్న గాళ్లు ఏర్పడతాయి. వాటివల్లే కొత్త నాణేన్ని దీపం కింద వాల్చి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. ఒక్కసారి పళ్లపొడి పడిందా, ఆ ఆకులు పోతాయి. పోయాక ఏ ఆచారి గారూ తిరిగి తేలేరు. మిగిలేది స్టీలు పళ్లెం మెరుపు.

సేకర్త వెతికేది సరిగ్గా ఇదే. పది రెట్ల భూతద్దంలో అక్షరాల మధ్య పల్లంలో సన్న గీట్లు ఒకే దిక్కుకి సాగి కనిపిస్తే అది తోమిన నాణెం. చేతులు మారి అరిగిన నాణెం వేరేలా ఉంటుంది. ఎత్తుగా ఉన్నవి ముందు అరుగుతాయి: జార్జి శిరస్త్రాణం, తొడ, గుర్రం రొమ్ము, రెండోవైపు విక్టోరియా అయితే చెవి మీది జుట్టు, ఐదో జార్జి అయితే మీసమూ గడ్డమూ. పల్లాలు మాత్రం పాత రంగులోనే ఉంటాయి. తోమిన దాంట్లో ఎత్తూ పల్లమూ ఒకేలా తళతళలాడతాయి. నిజాయితీగా అరిగిన నాణేనికి సేకర్త ధర కట్టగలడు. తోమిన దానికి మార్కులు వెయ్యడు, "కడిగారు" అని రాసి పక్కన పెడతాడు. జిడ్డు పోవాలంటే అసిటోన్‌లో కాసేపు ముంచి, మంచినీళ్లలో కడిగి, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దాలి, రుద్దకూడదు. అంచులు పట్టుకునే ఎత్తాలి. ఇంత మెత్తగా చేస్తే అది స్నానమేనా? మన పిల్లలకే నలుగు పెట్టి రుద్దుతాం, కాసుకి మినహాయింపా?

స్నానం తర్వాత కాసులపేరు. తలపైన రింగు పెట్టి, వెలిగారం వేసి, టంకంతో అతికించి, వేడికి నల్లబడ్డ బిళ్లని ఆమ్లంలో ఉడికించి, మెరుగు పెడతారు. ఇన్ని సంస్కారాలు జరిగాక కూడా బ్రిటిష్ వారి లెక్క మనల్ని వదలదు. వాళ్ల చట్టంలో 7.938 గ్రాములకి తగ్గిన సవరను చలామణీకి పనికిరాదు, అంటే అరుగుదలకి ఇచ్చింది యాభై మిల్లీగ్రాములే. మన కాసు టంకం పుణ్యమా అని ఎనిమిదిన్నర తూగుతుంది. "చూశారా, బరువు పెరిగింది!" రింగు తీయించినా అంచు మీది గాళ్లు చదునైన మచ్చ మిగిలిపోతుంది. ఆ మచ్చ ఉన్న నాణేనికి బంగారం ధర తప్ప ఇంకేమీ రాదు.

అసలో నకిలీయో తేల్చడానికి మనకి గీటురాయి ఉంది. మూడు కొట్లలో మూడుసార్లు గీయించి, మూడుచోట్ల అంచు పోగొట్టుకుని, "పదహారు వన్నె" అనిపించుకుని ఇంటికొస్తాం. రాయి చెప్పేది బంగారం సంగతి, నాణెం సంగతి కాదు. అసలు బంగారంతోనే చేసిన దొంగ సవరన్లు లోకంలో బోలెడు. వాటిని పట్టేది కన్నే: బొమ్మల గీతల్లో పదును లేకపోవడం, పల్లంలో సూదిమొనంత గుంటలు, అంచు గాళ్ల మధ్య అతుకు, నేల గీత కింద కుడిపక్కన చెక్కినవాడు పిస్ట్రూచీ పేరు పొడి అక్షరాలు బి.పి. అలుక్కుపోవడం.

బంగారమే కానివాటికి ఒక గ్లాసు నీళ్లు చాలు. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. కాసుని సన్న దారంతో కట్టి, అడుక్కీ గోడలకీ తగలకుండా పూర్తిగా ముంచండి. అసలు సవరనైతే త్రాసు 0.45 దగ్గర చూపాలి. అదే బరువున్న వెండికి పూత పూస్తే 0.76, ఇత్తడైతే 0.9 దాటుతుంది. దారం లావుగా ఉన్నా, బిళ్లకి గాలి బుడగ అంటుకున్నా అంకె పెరుగుతుంది, కాబట్టి మొదటిసారి ఎక్కువ చూపిందని అత్తవారి మీదకి వెళ్లకండి. రెండోసారి ముంచి చూసి వెళ్లండి.

ఇక మనవాళ్లు ఎన్నడూ చూడని చోటు ఒకటుంది. సంవత్సరం అంకెల పైన, నేల గీత మీద ఆవగింజంత అక్షరం. ఎస్ అయితే సిడ్నీ, ఎమ్ మెల్‌బోర్న్, పి పెర్త్, సి కెనడా, ఎస్‌ఏ దక్షిణాఫ్రికా. ఏమీ లేకపోతే మామూలుగా లండన్. లండన్‌లో కొట్టిన 1917 సవరను అరుదు, అందుకే ఆ ఏడాది పేరుతో దొంగవి ఎక్కువ. 1917 మీద అక్షరం లేదని సంబరపడేముందు అక్కడ గీకిన గుర్తుందేమో చూడాలి. ఐ అక్షరం మాత్రం మనది, బొంబాయిది. 1918 ఒక్క సంవత్సరంతోనే, 13 లక్షల లోపు కొట్టారు. అదే ఏడాది అదే బరువుతో బొంబాయిలో పదిహేను రూపాయల బంగారు బిళ్ల కూడా వేశారు. దాని మీద "15 రూపాయలు" అని రాసుంది కాబట్టి సవరను కంటే చవకదని తేల్చేసిన ఇళ్లు మన వైపు లేవని ఎవరైనా చెప్పగలరా?

సవరను మనకి చిన్నతనం అనిపిస్తే వెంటనే రాజరాజ నరేంద్రుడి దగ్గరికి వెళ్లిపోతాం. ఆయనవీ, అంతకు ముందు ఏలిన చాళుక్యచంద్ర శక్తివర్మవీ బంగారు నాణేలు నిజంగానే ఉన్నాయి: వెడల్పుగా, పూతరేకుకి అన్నగారంత పల్చగా, మధ్యలో వరాహం, అంచు చుట్టూ రాజు పేరు అక్షరాలు, వెనక ఖాళీ. ఒక్కో అక్షరాన్నీ విడివిడి ముద్రతో కొట్టారు కాబట్టి ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకటి పక్కదాని మీదకి ఎక్కి ఉంటుంది. అక్షరాలన్నీ పెళ్లి పంక్తిలో విస్తళ్లలా సమానంగా కూర్చుంటే అనుమానించాలి. ఈ నాణేలు బర్మా తీరంలోనూ సయాంలోనూ దొరికాయి. మనవాళ్ల కంటే మన బంగారమే ముందు రంగం (రంగూన్) వైపు వెళ్లిందన్నమాట.

అలాంటిది మన ఇంట్లో ఉంటే అది ఎక్కడిదన్నది వినేవాణ్ని బట్టి మారుతుంది. సేకర్తతో: "పునాదులు తవ్వుతుంటే దొరికిందండి, ఆయ్!" నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం ఉందని చెప్పగానే: "అబ్బే, మా ముత్తాత గారిదండి." అమెరికాలో ఉన్న అబ్బాయి చేతికిచ్చి అక్కడ అమ్మిద్దామంటే, నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. అప్పుడది మళ్లీ "మొన్న మొన్నటిది" అవుతుంది.

బియ్యపు గింజల్ని తనవైపుకి లాక్కుంటుందని చెప్పి అంటగట్టే నాణెం గురించి ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఏటా రెండు పంటలు పండించే డెల్టాలో నాలుగు గింజలు లాగే బిళ్లకి లక్షలు పోసేవాళ్లది నాణేల జబ్బు కాదు. కంపెనీవారు 1818లో సీతారాముల బొమ్మతో అణాలు వేశారన్నదీ ఆ కొట్లో సరుకే. కంపెనీ అలాంటివి వెయ్యలేదు.

చివరి మెట్టు తగువు. నాయనమ్మ గారి కాసులపేరులో పదహారు సవరన్లు, ముగ్గురు ఆడపిల్లలు. తలకి అయిదు పోగా ఒకటి మిగిలింది. పెద్దమ్మాయి ఉంచుకుని మిగతా ఇద్దరికీ డబ్బివ్వొచ్చు. కానీ అప్పుడు దాన్ని భూతద్దంతో చూసి ధర కట్టాలి, చూస్తే 1918 పైన ఐ కనపడుతుంది, కనపడితే ముగ్గురికీ అదే కావాలి. అందుకని ఎవరూ చూడలేదు. ఆచారి గారు మూస అందుకున్నారు. మూడు ముక్కలూ పాలుకి పాలు సరిగ్గా తూగాయి. తరుగు ఎవరి వాటాలో వెయ్యాలన్నదే సంక్రాంతి వెళ్లినా ఇంకా తేలలేదు.