నోట్సు మహాభినిష్క్రమణం

నోట్స్ యాప్ మార్చడం అల్పుల వల్ల అయ్యే పని కాదు. నేను ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను. ఆ నోట్సు తిరిగి ఎన్నిసార్లు చదివావని కొందరు అడుగుతుంటారు. సాధన అంటే తెలియనివాళ్ల ప్రశ్నలకు జవాబివ్వను.

మామూలు మనుషులకు మారడానికి కారణం కావాలి. 2023 డిసెంబర్‌లో ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ తన ఉచిత ఖాతాలకు 50 నోట్సు, ఒక్క నోట్‌బుక్ చాలని హద్దు గీసింది. అప్పుడు మూటాముల్లె సర్దుకున్నవాళ్లను తప్పు పట్టలేం. మాబోటివాళ్లకు అంత కూడా అక్కర్లేదు. కొత్త యాప్‌లో అక్షరాలు కాస్త గుండ్రంగా కనిపిస్తే చాలు.

బయటపడటంలోనే అసలు విద్యంతా ఉంది. గూగుల్ వారి నోట్స్ యాప్ కీప్ నుంచి మొత్తం నోట్సు ఒకేసారి కావాలంటే టేకౌట్ (గూగుల్ దగ్గరున్న మన డేటా దించుకునే చోటు) అనే దొడ్డిదారిన వెళ్లాలి. అక్కడ ప్రతి నోటూ ఒకసారి హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా, ఇంకోసారి జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే) ఫైలుగా, కవలపిల్లల్లా వస్తుంది. నోషన్ అనే ఇంకో యాప్ మార్క్‌డౌన్ (ఎక్కడైనా తెరుచుకునే సాదా టెక్స్ట్) ఫైళ్లే ఇస్తుంది గానీ, ఒక్కో ఫైలు పేరు చివర 32 అక్షరాల తోక తగిలిస్తుంది. ఆ తోకలు కత్తిరించడానికే జనం కూర్చుని స్క్రిప్టులు రాశారు. మొదటి నుంచీ ఉత్త టెక్స్ట్ ఫైళ్లలో రాసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అన్నాడో మిత్రుడు. అతనితో మాటలు తగ్గించాను.

ఈసారి నేను చేరిన యాప్ (పేరెందుకు, వచ్చే ఏడాది ఎలాగూ వదిలేస్తాను) నా పదకొండేళ్ల నోట్సును పది నిమిషాల్లో మింగేసింది. చెక్‌బాక్సులు బ్రాకెట్లుగా మారాయి. నోటు నుంచి నోటుకు వేసుకున్న లింకులు ఇప్పటికీ పాత యాప్ తలుపే తడుతున్నాయి. ఇవి చిల్లర నష్టాలు. తేదీలు మాత్రం మొత్తం పోయాయి. అంటే, రికార్డుల ప్రకారం నా 2,300 ఆలోచనలూ ఒకే ఆదివారం సాయంత్రం 6:42కి పుట్టాయి.

మొదట టెన్షన్ పడ్డాను. తర్వాత లెక్క వేసి చూస్తే గర్వంగా అనిపించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ జీవితమంతా కూర్చుని దాదాపు 90,000 చీటీలు పోగేశాడు. ఆదివారానికి 2,300 చొప్పున నాకు తొమ్మిది నెలలు చాలు. ఆయన ఆ చీటీల ఆధారంగా పదుల కొద్దీ పుస్తకాలు రాశాడన్నది ఇక్కడ అప్రస్తుతం.

తర్వాతి మూడు వారాలు ఫోల్డర్లా, ట్యాగులా అన్న ధర్మసందేహంలో గడిచాయి. రెండూ పెట్టాను. ఆ సర్దుబాటులోనే ఒక నోటు కంటబడింది. లోపల రెండే మాటలు: "అది మర్చిపోవద్దు." ఏది? గుర్తులేదు. తేదీ చూద్దామంటే ఆదివారం, 6:42. నాలుగు యాప్‌లు దాటుకుని, అక్షరం చెదరకుండా వచ్చింది మాత్రం అదొక్కటే.

తీసేద్దామని వేలు పెట్టాను. కింద "అతి ముఖ్యం" అని ట్యాగు ఉంది, నేను పెట్టిందే. వేలు వెనక్కి తీసుకుని, దాన్ని అన్నిటికంటే పైన పిన్ చేశాను.