రాత్రి మెలకువకు యోగా ఏం చేస్తుంది, ఏం చేయదు

రాత్రి రెండున్నర. మెడ కింద దిండు తడిసింది. దుప్పటి తన్నేసిన కాసేపటికే చలి. మళ్లీ కప్పుకుని గడియారం వైపు చూస్తే, ఉన్న కాస్త నిద్రా పోయింది. నలభై అయిదు దాటిన చాలామంది ఆడవాళ్లకు ఇది తెలిసిన రాత్రే. "యోగా చెయ్యండి, హాయిగా నిద్ర పడుతుంది" అనే సలహా కూడా వాళ్లు వినీ వినీ ఉన్నదే.

సలహా తప్పేం కాదు. చెప్పే తీరులోనే అతి ఉంది.

మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) దగ్గరపడేకొద్దీ ఈస్ట్రోజన్ హార్మోన్ ఎగుడుదిగుడు అవుతూ చివరికి బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ అనే మెదడు భాగం చిన్న తేడాకే కంగారుపడి చెమటలు పట్టిస్తుంది. దీన్ని యోగా ఆపుతుందా? అమెరికాలో మెనోపాజ్ ఇబ్బందులపై పనిచేసే ఎంఎస్‌ఫ్లాష్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో 12 వారాల పాటు వారానికో 90 నిమిషాల క్లాసు పెట్టి, ఇంట్లో కూడా సాధన చేయించారు. మామూలుగా ఉండిపోయినవాళ్లతో పోలిస్తే వేడి ఆవిర్లు (ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టడం) తగ్గలేదు. నిద్రలేమి మాత్రం తగ్గింది. ఎంత? 28 పాయింట్ల కొలతలో 1.3 పాయింట్లు. చాలా చిన్న లాభం.

నా ఉద్దేశంలో ఆ లాభం మెలకువ వచ్చాకే దొరుకుతుంది. చెమట అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది. "ఇప్పుడు నిద్రపోకపోతే రేపు పనెలా?" అనే టెన్షన్ మాత్రం గంటన్నర మేలుకోబెడుతుంది. ఊపిరిని తీసుకున్నదానికంటే నిదానంగా వదలడం అలవాటైన మనిషి ఆ పని పడుకునే చేయగలదు, లైటు వేయక్కర్లేదు. అయితే ఆ అలవాటు పగటిపూట రావాలి. రాత్రి రెండున్నరకి కొత్తగా నేర్చుకోవడం కుదరదు.

ఎముకలు పలచబడినవాళ్లు పశ్చిమోత్తానాసనంలా నడుము బాగా ముందుకు వంచే ఆసనాల జోలికి పోకూడదు, వెన్నుపూస విరగొచ్చు. నిద్రలేమి నెలల తరబడి వదలకపోతే వైద్యులు మొదట సూచించేది సీబీటీ-ఐ అనే ప్రవర్తన చికిత్స. యోగా దానికి తోడుగా ఉండొచ్చు, దాని చోటులో కాదు.

ఇంకొకటి. మెనోపాజ్ తర్వాత స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు, పెరుగుతుంది. గురక, పొద్దున్నే తలనొప్పి, పగలంతా తూగు ఉన్నావిడ శవాసనంలో ఇట్టే నిద్రపోతే ఆ ఘనత యోగాది కాకపోవచ్చు. ఆవిడకి ముందు కావాల్సింది స్లీప్ టెస్ట్.