దేవుడి పోస్టు ఖాళీగా ఉంది

దేవుడనేవాడు పొద్దస్తమానం ఏం వెలగబెడుతున్నాడని నిష్ఠూరమాడేవాళ్లకు నాదొక సూచన. ఒక ఊసరవెల్లిని పెంచి చూడండి. రోజూ టైముకి సూర్యుణ్ణి పైకి తేవాలి, టైముకి దించాలి. పొద్దునా సాయంత్రం వాన కురిపించాలి. రాత్రికి మంచు పట్టించాలి. పురుగుల్ని పోషించి, బొద్దుగా తయారయ్యాక బలివ్వాలి. జీతం లేదు, సెలవు లేదు. ఉన్న ఒక్కగానొక్క భక్తుడూ పరమ నాస్తికుడు. మీరు కనబడగానే కొమ్మ చాటుకి జరిగి, ఒక కన్ను మాత్రం ఇటు తిప్పి ఉంచి, ఈయన ఎప్పుడు దయచేస్తాడా అని చూస్తుంటాడు.

అయినా ఈ పోస్టుకి అభ్యర్థుల కొరత లేదు. దానికి కారణం వీడియోలు. ఎర్ర గుడ్డ మీద పెడితే ఎర్రగా, పసుపు గుడ్డ మీద పెడితే పసుపుగా మారే ఊసరవెల్లిని ఫోన్లో చూసి మనసు పారేసుకున్నవాళ్లు చాలామంది. ఆ రంగులన్నీ ఎడిటింగ్ పుణ్యం. నిజం ఊసరవెల్లికి మీ దుప్పటి రంగుతో సంబంధం లేదు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్యాంథర్ ఊసరవెల్లి చర్మాన్ని పరీక్షించి దీని గుట్టు బయటపెట్టారు. చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి చిన్న స్ఫటికాలు వరసలు కట్టి ఉంటాయి. మనసు కుదుటగా ఉన్నంతసేపూ అవి దగ్గరదగ్గరగా ఉండి, ఒళ్లు పచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకం వస్తే వాటి మధ్య ఎడం పెరిగి, రంగు పసుపు, ఎరుపుల వైపు జరుగుతుంది. చలేస్తే వేడిని పీల్చుకోవడానికి నల్లబడుతుంది. కాబట్టి ఎర్ర గుడ్డ మీద అది నిజంగానే రంగు మార్చిందంటే, గుడ్డ పరిచినవాణ్ణి చూసి ఒళ్లు మండిందని అర్థం. పార్టీ ఫిరాయించినవాణ్ణి దీనితో పోల్చడం కూడా జంతుహింస కిందికే వస్తుందని నా అభిప్రాయం. కడుపులో ఏముందో చర్మం మీద రాసుకుని తిరిగే ప్రాణి అది.

సరే, పోస్టు మీద మోజు తగ్గలేదనుకుందాం. మొదటిసారి పెంచేవాళ్లకు సాధారణంగా చెప్పే పేర్లు రెండు. యెమెన్, సౌదీ ప్రాంతాల వెయిల్డ్ ఊసరవెల్లి, మడగాస్కర్‌కు చెందిన ప్యాంథర్ ఊసరవెల్లి. ఏదైనా సరే, పెంపకందారుల దగ్గర పుట్టినదాన్నే తెచ్చుకోవాలి. అడవిలో పట్టి తెచ్చినదానికి కడుపులో పరాన్నజీవులు ఉచితం, బతకాలన్న ఆశ సగం చచ్చి ఉంటుంది. పైగా ఊసరవెల్లులు దాదాపు అన్నీ అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. చాలా దేశాల్లో స్థానిక జాతుల్ని పట్టుకోవడమే నేరం. మీరున్న చోట చట్టం ఏమంటుందో ముందే కనుక్కోండి. దేవుడు చెరసాలలో పుట్టొచ్చు గానీ, పోస్టులో చేరాక చెరసాలకి వెళ్తే బాగుండదు.

ఇక లోకసృష్టి. పెద్దయిన ఊసరవెల్లికి 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న జాలీ పంజరం కావాలి. ఎత్తులో మాత్రం పిసినారితనం చూపించకండి, అది నేల మీద తిరిగే జీవి కాదు. చేపల తొట్టి ఖాళీగా ఉంది కదా, అందులో వేస్తానంటే కుదరదు. గాలి కదలని చోట దీని ఊపిరితిత్తులు పాడవుతాయి. అద్దంలో తన బొమ్మే కనబడితే శత్రువు పక్కింట్లో దిగాడనుకుని రోజంతా టెన్షన్ పడుతుంది. ఆ పంజరాన్ని కూడా నేల మీద పెట్టకూడదు. పైనుంచి వచ్చే ప్రతిదీ దీని లెక్కలో వేటాడే పక్షే, మీ మొహంతో సహా. అందుకని దాని కొమ్మ మీ తల కంటే ఎత్తులో ఉండాలి. దేవుడు పైన, భక్తుడు కింద అనే అనాది ఏర్పాటు ఈ ఒక్క గదిలో తలకిందులవుతుంది. మొదట్లో కాస్త నామోషీగా ఉంటుంది గానీ అలవాటవుతుంది.

లోపల నిజమైన మొక్కలుండాలి. మనీ ప్లాంటు, ఫైకస్, మందారం బాగా పనికొస్తాయి. పురుగుమందు చల్లిన మొక్కల్ని కడగకుండా పెట్టొద్దు, వెయిల్డ్ జాతి ఆకులు కూడా నములుతుంది. కొమ్మలు రకరకాల లావుల్లో ఉండాలి. దీని పాదం చూశారా? అయిదు వేళ్లూ రెండు గుత్తులుగా విడిపోయి ఉంటాయి, ఒకవైపు రెండు, ఒకవైపు మూడు. కొమ్మని ఆ రెండు గుత్తుల మధ్య ఇరికించి పట్టుకుంటుంది. కాలు ఎత్తుతుంది, ముందుకి చాస్తుంది, వెనక్కి ఊగుతుంది, మళ్లీ ముందుకి ఊగుతుంది, ఇంకా వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఫైలు కదలడం లేదని ఆఫీసుల్ని తిట్టేవాళ్లు ఒకసారి ఇది జానెడు కొమ్మ దాటడం చూడాలి.

సూర్యుడి విషయంలోనే చాలామంది దేవుళ్లు ఫెయిలవుతారు. బల్బు వెలుగుతోందంటే సూర్యుడు ఉన్నట్టే అనుకుంటారు. దీనికి రెండు దీపాలు కావాలి, ఒకటి వేడికి, ఇంకొకటి ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలకి. పెద్దవాటికి ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 30 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ చాలు, పిల్లలకి ఇంకొంచెం తక్కువ. యూవీబీకి పొడుగాటి ట్యూబులైట్ మంచిది. ఆ కిరణాలు ఒంటికి తగిలితేనే విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం వంటబడుతుంది. లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోతాయి, దవడ రబ్బరులా సాగుతుంది, నాలుక కూడా సరిగా విసరలేదు. ఈ ట్యూబులో ఉన్న మోసం ఏమిటంటే, కంటికి వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం తగ్గిపోతుంటుంది. రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకి మార్చెయ్యాలి. ‘ఇంకా వెలుగుతోందిగా’ అనే పొదుపరి దేవుళ్ల వల్లే వంకర కాళ్ల భక్తులు తయారయ్యారు. కిటికీ దగ్గర పెడితే ఎండ వస్తుందిగా అంటారా, కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. 12 గంటలు వెలుగు, 12 గంటలు కటిక చీకటి. రాత్రి దాన్ని చూసుకోవాలని ఎర్ర బల్బు పెట్టేవాళ్లున్నారు. నిద్రపోతున్నవాడి మొహం మీద టార్చి వేసే చుట్టాలు వీళ్లే.

వాన సంగతి. గిన్నెలో నీళ్లు పెట్టి వెళ్తే, గిన్నె పక్కనే నాలుక ఎండి చస్తుంది. నిలవ నీళ్లు నీళ్లేనని దాని బుర్రకి తట్టదు. ఆకు మీద జారే చుక్క కనబడాలి. తెల్లవారుజామున, సాయంత్రం కొన్ని నిమిషాలు సన్నటి జల్లు కొట్టాలి, పగలు చుక్క చుక్కగా పడే డ్రిప్పర్ ఒకటి పెట్టాలి. జల్లు మొదలవగానే అది ముందు కొయ్యబారిపోతుంది. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి తిరుగుతాయి. కుట్ర ఏమీ లేదని తేలడానికి కొంతసేపు పడుతుంది. ఆ తర్వాత ముక్కు మీదికి జారిన చుక్కని నాలుక కొసతో అందుకుంటుంది, ఇంకోటి అందుకుంటుంది, ఇక అప్పుడు మొదలుపెట్టి ఆకుల వెంట పడుతుంది. సరిగ్గా ఆ సమయానికే మీరు ఆనందం పట్టలేక దగ్గరికి వెళ్తారు, అది తాగడం ఆపేస్తుంది.

వాన పడ్డాక ఆరాలి కూడా. పగలంతా తడిగా ఉంచితే బూజు, జలుబు, ఊపిరితిత్తుల జబ్బు వరసగా వస్తాయి. రాత్రి చల్లబడ్డాక గాలిలో తేమ పెరగడం దానికి మంచిదే. పడిన నీళ్లు పోయే దారి చూడకపోతే ప్రళయం మీ చాప మీదే వస్తుంది. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలియాలంటే రెట్ట చూడాలి. అందులో తెల్లటి భాగం తెల్లగా ఉంటే సరే. నారింజ రంగుకి తిరిగితే మీ వర్షపాతం చాలడం లేదు. రోజూ పొద్దున్నే రెట్ట పరీక్షించి ఆనందించే దేవుడు ఏ పురాణంలోనూ లేడు, మీరే మొదటివారు.

తిండి అంటే కీచురాళ్లు, బొద్దింకలు, పట్టుపురుగులు. అన్నీ బతికి ఉండాలి. పురుగు పరిమాణం ఊసరవెల్లి రెండు కళ్ల మధ్య ఎడం మించకూడదు. ఆ పురుగులకి ముందు మీరు మంచి భోజనం పెట్టాలి, ఎందుకంటే వాటి కడుపులో ఉన్నదే దీని కడుపులోకి వెళ్తుంది. ఈ ఏర్పాటు వల్ల ఇంట్లో క్యారెట్, ఆకుకూరలు వేళకి తినేది కీచురాళ్లు మాత్రమే, దేవుడు బిస్కెట్లతో సరిపెట్టుకుంటాడు. వడ్డించే ముందు పురుగులకి కాల్షియం పొడి అద్దాలి. డి3, మల్టీవిటమిన్ నెలకి ఏ రెండు సార్లో చాలు, ప్రేమ ఎక్కువై రోజూ వేస్తే విషమవుతుంది. పురుగుల వడ్డన పిల్లలకి రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు. తినగా మిగిలిన కీచురాళ్లని రాత్రికి తీసెయ్యాలి. నిద్రపోతున్న ఊసరవెల్లిని అవి కొరుకుతాయి, కొరికే ముందు రాత్రంతా మీకు కచేరీ పెడతాయి.

ఇంత చాకిరీకి దక్కే దర్శనం ఒక్కటే. అటొకటి ఇటొకటి తిరిగే కళ్లు రెండూ ఒక్కసారిగా పురుగు మీద నిలుస్తాయి, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది, ఒంటి కంటే పొడుగైన నాలుక బాణంలా వెళ్లి వచ్చేస్తుంది. రెప్ప వేస్తే అయిపోతుంది. ఆ నాలుక చివరి జిగురు మనిషి లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కనని 2016లో లెక్క తేల్చారు. ఇక్కడ ఒకటి గమనించాలి, దర్శనం ఇచ్చింది భక్తుడు.

చేతిలోకి తీసుకోవచ్చా అని ప్రతి అతిథీ అడుగుతాడు. తీసుకోవచ్చు, అది భరిస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. పాపం ఒంటరిగా ఉందని జత తెస్తే ఇద్దరికీ నరకం. ఒక పంజరానికి ఒక్కటే, ఎదురెదురు పంజరాలు కూడా వద్దు. ఆడదైతే మగ తోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు. గుడ్లు పెట్టే రోజులకి లోతుగా తడి ఇసుక పోసిన తొట్టి లేకపోతే, గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం పోతుంది. అది గొయ్యి తవ్వుతుంటే తొంగి చూడకండి, వీడియో తియ్యకండి. మీరు చూస్తున్నారని తెలిస్తే పని మధ్యలో మానేస్తుంది. పగటిపూట కళ్లు మూసుకుని ఉందంటే కునుకు కాదు, జబ్బు. సరీసృపాలు చూసే డాక్టరు ఎవరో ఊసరవెల్లిని తేకముందే తెలుసుకుని ఉండాలి. పంజరాన్ని కూడా ముందే బిగించి, కొన్నాళ్లు ఖాళీగానే ఎండా వానా నడిపించి, వేడి, తేమ కొలుచుకుని, ఆ తర్వాతే తెచ్చుకోవాలి. లోకంలో జరిగేది మాత్రం దీనికి రివర్సు. ముందు జంతువు వస్తుంది, తర్వాత సందేహాలు వస్తాయి.

బాగా చూసుకుంటే 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. ఆ మధ్యలో మీరు ఊరెళ్లాల్సి వస్తుంది. దీపాలకి, జల్లుకి టైమర్లు పెట్టొచ్చు, వాటి పని మీకంటే అవే బాగా చేస్తాయి. మిగిలింది వడ్డన. ‘పురుగులు వెయ్యడమేగా బావా, నేను చూసుకుంటా, నువ్వు వెళ్లిరా’ అని మీ బావమరిది ధైర్యం చెబుతాడు. సంతోషించి, అలమరాలోంచి బొద్దింకల డబ్బా దించి మూత తీస్తారు. సరిగ్గా ఆ వారమే తనకీ ఆఫీసు పని మీద ఎక్కడికో వెళ్లాల్సి ఉందని అతనికి గుర్తొస్తుంది.